బుద్ధి పొట్లం, బుద్ధిలేని పెట్టె

"మీ డ్రైవ్ మరీ స్లో అక్కా. శనివారం లోపల మార్చి తీరాలి."

ఫోన్లో ఈ మాటన్నది ఫాన్ టీచరు. ముప్ఫై ఏళ్ళు బళ్ళో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. నాలుగు మాటల్లో ఒకటైనా ఇంగ్లీషుది పడకపోతే ఆవిడకి తిన్నది అరగదు. విన్నది బావ్‌జూ గారు, టాక్సీ వెనక సీట్లో కూర్చుని, స్పీకరు పెద్దగా పెట్టుకుని. వినకూడకపోయినా విన్నది కూ తియెన్‌షెంగ్, ముందు సీట్లో స్టీరింగు పట్టుకుని. తైపేలో పొద్దుటినుంచీ ఒకటే వాన. వైపరు అద్దం మీద ర్ర్ ర్ర్ మంటూ అటూ ఇటూ తిరుగుతోంది. అందులో ఒక ర్ర్ సరిగ్గా వెళ్ళి టీచరుగారి డ్రైవ్ తోకకి అతుక్కుంది. కూ చెవిలోకి చేరేసరికి ఆ మాట డ్రైవర్ అయి కూర్చుంది.

మీ డ్రైవర్ మరీ స్లో. మార్చి తీరాలి.

కూ అన్నది ఇంటిపేరే గానీ, రోడ్డు మీద ఎవడెంత అడ్డం వచ్చినా ఒక్కసారి కూడా కూ అని హారను కొట్టని మనిషి. అరవై ఒకటో ఏట కూడా పసుపు గీత దాటడు. బావ్‌జూ గారిని తొమ్మిదేళ్ళుగా తిప్పుతున్నాడు. ఆవిడ చేపల మార్కెట్టులో వేలం పాడినన్నాళ్ళూ తెల్లారగట్ట మార్కెట్టుకి, ఆ పని మానేశాక రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వార్డు వృద్ధుల హాలుకి. మిగతా ప్రయాణికులంతా ఎక్కగానే ఫోన్లో తలదూర్చి, దిగేటప్పుడు తీసేవాళ్ళు. తిట్టడానికైనా తనతో మాట్లాడేది ఈవిడొక్కతే.

"నాకు తెలీదా టీచరుగారూ," అంటున్నారు బావ్‌జూ గారు వెనక సీట్లో. "పొద్దున్నే లేపితే ఒకటే మూలుగు. కదలడానికి పదకొండు నిమిషాలు."

కూ నడుం నిటారుగా పెట్టుకున్నాడు. పొద్దున మూలిగిన మాట నిజమే. నడుం పట్టేసింది. అంతమాత్రానికి మనిషిని పట్టుకుని అది ఇది అన్నట్టు మాట్లాడాలా.

"ఉన్నట్టుండి మధ్యలో ఆగిపోతుంది కూడా."

ఎర్రలైటు పడితే ఆగక ఎగురుతారా, అనుకున్నాడు కూ.

"తొమ్మిదేళ్ళయింది కదా, పారెయ్యబుద్ధి కావడం లేదు."

"పారెయ్యద్దు," అంది ఫోను. "పాత ఫోటోలు దాచుకోడానికి ఓ మూల పెట్టుకోండి. అసలు పనికి మాత్రం కొత్తది, కదిలే భాగాలు లేనిది తీసుకోండి. శనివారం రెండింటికి నది అవతలి వార్డుతో ఆట. మళ్ళీ మీరు ఆటలోకి లేటుగా వచ్చారంటే మీ కుర్చీ తాంగ్ పెద్దాయనకి ఇచ్చేస్తాను. ఏమనుకోకండి అక్కా, ఫెయిర్ ఈజ్ ఫెయిర్."

ఆట అంటే కంప్యూటర్ ఆట. ఐదుగురు ఐదుగురితో తలపడి కోట కొట్టాలి. హాలులో టీ, కుర్చీలు వార్డు ఖర్చు. పెట్టెలు ఎవరివి వాళ్ళే తెచ్చి పెట్టుకోవాలి. బావ్‌జూ గారిది కోట గుమ్మం కాపలా. వేలంలో నలభై చేతులు ఒకేసారి లేస్తే ఏ చెయ్యి ముందు లేచిందో చెప్పగలిగిన కన్ను ఆవిడది, శత్రువు చీమంత కదిలినా పట్టేస్తుంది. తంటా అంతా ఏమిటంటే, ఆవిడ పెట్టె మూలిగి ముక్కి ఆటలోకి వచ్చేసరికి కాపలా కాయడానికి గుమ్మం మిగలదు. తాంగ్ పెద్దాయన డెబ్భై నాలుగేళ్ళ ఎక్స్‌ట్రా ఆటగాడు. ఎప్పుడు ఎవరి కుర్చీ ఖాళీ అవుతుందా అని సొంత మౌసు చొక్కా జేబులో వేసుకుని తిరుగుతూ ఉంటాడు.

ఫోను పెట్టేసి బావ్‌జూ గారు అన్నారు. "కూ, బండి కంప్యూటర్ల బజారుకి తిప్పు. కొత్తది చూసుకోవాలి."

కదిలే భాగాలు లేని డ్రైవరు కంప్యూటర్ల బజారులో దొరుకుతాడన్నమాట. కూ బండి తిప్పాడు. రోజూకంటే వేగంగా నడిపాడు కూడా. గంటకి ముప్ఫై ఐదు.

*

దుకాణం నాలుగో అంతస్తులో ఉంది. ఇద్దరు నిలబడితే మూడోవాడు బేరం మానుకుని పోవాల్సినంత వెడల్పు. యజమాని ఇంటిపేరు ఔ. పేరుకి ఔ, నోరు తెరిస్తే కాదు. కొనేవాళ్ళు ఏది అడిగినా ముందు కాదని, తర్వాత వాళ్ళకి నిజంగా కావలసింది ఇస్తాడు. అందుకే ఆ అంతస్తులో అందరికంటే బేరం బాగా సాగేది ఆయనకే.

"కొత్త డ్రైవ్ కావాలి నాయనా," అన్నారు బావ్‌జూ గారు ఫోన్లో తన పాత పెట్టె ఫోటోలు చూపిస్తూ.

"కాదు," అన్నాడు ఔ. "డ్రైవ్ ఒక్కటే కాదు పిన్నిగారూ, అన్నీ కావాలి. ఇందులో ఉన్నవన్నీ రిటైరయ్యే వయసువే."

ఇక ఊరుకుంటే లాభం లేదని కూ ముందుకొచ్చాడు. "చూడు బాబూ. వయసు వయసంటారు. తొమ్మిదేళ్ళ అనుభవానికి విలువ లేదా?"

"ఏం అనుభవం అన్నా. లోపల పళ్ళెం తిరుగుతుంది, నిమిషానికి ఐదువేల నాలుగొందల సార్లు. తిరిగి తిరిగి అరిగిపోతుంది."

"నేను రోజుకి పన్నెండు సార్లే తిరుగుతాను," అన్నాడు కూ నొచ్చుకుని.

ఔ కాస్సేపు ఆయన్ని పరీక్షగా చూశాడు. తర్వాత అరలోంచి ఒక చిన్న బద్ద తీసి గాజు బల్ల మీద పెట్టాడు. చూయింగ్ గమ్ బిళ్ళంత ఉంది. "కొత్త డ్రైవ్ ఇదీ. కదిలే భాగాలు లేవు, చప్పుడు లేదు, ఐదేళ్ళ గ్యారంటీ."

కూ వంగి చూశాడు. కళ్ళజోడు తీసి చూశాడు, పెట్టుకుని చూశాడు. "ఇది బండి నడుపుతుందా?"

"బండి ఎందుకు నడుపుతుంది?"

"మరి అక్కయ్యగారి కొత్త డ్రైవరు..."

బావ్‌జూ గారికి అర్థం కావడానికి మూడు క్షణాలు పట్టింది. ఆ తర్వాత ఆవిడ నవ్విన నవ్వుకి ఎదుటి దుకాణంలో కీబోర్డులు సర్దుకునే మనిషి తల బయటికి పెట్టి చూశాడు. వేలం గొంతు కదా, నవ్వు కూడా వేలం పాటలాగే ఒకసారి, రెండోసారి, మూడోసారి అని మెట్లెక్కింది.

"నిన్ను మార్చడమేంటయ్యా. టీచరుగారు డ్రైవ్ అంది. లోపల ఉండే వస్తువు. ఆట మొత్తం అందులోనే ఉంటుంది, అందులోంచే బయటికి రావాలి. నిన్ను మారిస్తే నా తిట్లు ఎవరు పడతారు?"

కూకి ప్రాణం కుదుటపడింది, కానీ సగమే. "మరి కుర్చీ సంగతి?"

"అది మాత్రం నిజమే." బావ్‌జూ గారి నవ్వు ఆగింది. "శనివారం రెండింటికి నేను ఆటలో లేకపోతే ఆ కుర్చీ తాంగ్‌ది. కుర్చీ లేనిదానికి హాలెందుకు, హాలు లేనిదానికి టాక్సీ ఎందుకు. ఇంట్లో టీవీ చూస్తూ కూచుంటాను."

ఆ క్షణం నుంచీ ఆ పెట్టె కూ సొంత పెట్టె అయిపోయింది.

బద్దల్లో రెండు రకాలు చూపించాడు ఔ. ఒకటి చవక. "ఇది మొదటి కిలోమీటరు పరుగు, ఆ తర్వాత నడక," అన్నాడు. రెండోది ఖరీదు. "ఇది చివరిదాకా పరుగే." ఇంకోపక్క పాత పద్ధతి తిరుగుడు డ్రైవ్, ఇటుకంత లావుది, ధర తక్కువ, నాలుగింతలు పడుతుంది.

"డిక్కీ పెద్దది చూసి కారు కొనకూడదు అక్కయ్యగారూ," అన్నాడు కూ. ఇందాకటిదాకా పాతదాని తరఫున వాదించిన సంగతి మర్చిపోయాడు. "ఇంజను చూసి కొనాలి."

బావ్‌జూ గారు ఖరీదైన బద్దని వేళ్ళతో ఎత్తి, వెలుతురుకి పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఎప్పుడు పట్టిన సరుకు?"

"పట్టిన... పోయిన నెల తయారైంది పిన్నిగారూ. ఇదిగో తారీకు."

"నిలవ సరుకు నాకొద్దు. మొప్పలెక్కడ?"

"మొప్పలు కాదు, ఇది వేడిని లాగే రేకు. దీనికి వేడెక్కువ. పెట్టెలో గాలి ఆడాలి. గాలి ఆడితేనే ఇది ఆడుతుంది, ఇది ఆడితేనే మీరు ఆడతారు."

ఆటకి బద్ద తీసుకున్నారు. ఇటుక కూడా తీసుకున్నారు, తను వేలం పాడిన పెద్ద చేపలన్నిటి ఫోటోలూ దాచుకోడానికి. పంతొమ్మిదేళ్ళ ట్యూనాలు ఉన్నాయి ఆవిడ దగ్గర, ఒక్కొక్కదాని బరువూ నోటికి చెబుతారు.

తర్వాత మదర్‌బోర్డు వచ్చింది. ఫాదర్‌బోర్డు ఎక్కడ అని అడిగాడు కూ. "బయట నిలబడి బిల్లు కడుతున్నాడు," అన్నాడు ఔ తలెత్తకుండా. ర్యాము కడ్డీలు రెండు. ఆ తర్వాత పవర్ సప్లై.

"పవర్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు పిన్నిగారూ. పవర్లో చెత్తది కూర్చుందంటే కింద ఉన్నవన్నీ తగలడతాయి."

"మా వార్డులోనూ అంతే," అన్నారు బావ్‌జూ గారు.

"ఇక కేసు. ఏ కేసు పెట్టమంటారు?"

"కేసులొద్దు బాబూ," అన్నాడు కూ చప్పున. టాక్సీవాడికి ఆ మాట వింటేనే లైసెన్సు గుర్తొస్తుంది.

కేసంటే ఇవన్నీ పెట్టుకునే పెట్టె అని తేలింది. ఔ గాజు తలుపుది చూపించాడు, లోపల రంగురంగుల దీపాలు వెలుగుతున్నాయి. బావ్‌జూ గారికి నచ్చలేదు. పేగులు బయటికి కనబడేది అమ్మకానికి పెట్టిన చేపే అన్నారు. చివరికి అన్నివైపులా ఇనప రేకున్న నల్ల పెట్టె తీసుకున్నారు. పక్క రేకుకి చేత్తో తిప్పే రెండు మరలు, నెత్తిమీద వేడి పోవడానికి జల్లెడలా చిల్లులు.

గంటన్నరలో ఔ అన్నీ బిగించాడు. బద్దని దాని సందులో దూర్చి ఆవగింజంత మర ఒకటి వేశాడు. మీట నొక్కాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టడం మొదలెట్టిన కూ ఏడు దగ్గర నోరు మూశాడు. ఆట తెర మీద ఉంది.

పదకొండు నిమిషాలు, ఏడు సెకన్లు. కూకి చిన్నప్పుడు బళ్ళో లెక్క సరిగ్గా వచ్చేది కాదు గానీ, ఈ తీసివేత మాత్రం ఆయనకి తీపిగా ఉంది.

అప్పుడు ఔ బల్ల కింద సొరుగు తెరిచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, పచ్చ పొట్లం తీశాడు. కొబ్బరి వెన్న రుచి మొక్కజొన్న గుల్లల పొట్లం. బజారులో దాని పేరుకి అర్థం బుద్ధిగా ఉండమని. అది దగ్గర లేకుండా ఆ ఊళ్ళో ఏ యంత్రమూ పనిచేస్తుందని ఎవరూ అనుకోరు. బ్యాంకు మిషను మీద ఉంటుంది, ఆసుపత్రి స్కానింగు గదిలో ఉంటుంది, రైల్వే టికెట్టు డబ్బా వెనకా ఉంటుంది. ఇంజనీర్లు నవ్వుకుంటూనే పెడతారు, తీసెయ్యమంటే మాత్రం నవ్వరు.

"పచ్చదే," అన్నాడు ఔ. అంతసేపట్లో ఆయన గొంతు మెత్తబడింది అప్పుడే. "పసుపుది పెడితే మిషను మొండికేస్తుంది, ఎర్రది పెడితే ఆగిపోతుంది. గడువు వచ్చే జూన్ దాకా ఉంది. విప్పకూడదు, తినకూడదు. దగ్గరే ఉండాలి, దూరం పోనివ్వకూడదు."

"దూరం పోనివ్వకూడదు," అని మనసులో రాసుకున్నాడు కూ.

*

శనివారం పన్నెండున్నరకి కూ ముందు పెట్టెని హాలుకి చేర్చడానికి బయల్దేరాడు. బావ్‌జూ గారిని తర్వాత తేవాలి. పెట్టెని వెనక సీట్లో కూర్చోబెట్టి బెల్టు పెట్టాడు. నెత్తిన పచ్చ పొట్లం.

మొదటి మలుపులో పొట్లం జారి కింద పడింది. ఆపి ఎత్తి పెట్టాడు. వంతెన ఎక్కుతుంటే మళ్ళీ పడింది. స్కూటర్ల మధ్య ఆగినప్పుడు సీటు కిందికి దొర్లిపోయింది. బయట నెత్తిమీద పెడితే ఇలాగే దూరం పోతుంది, అనుకున్నాడు కూ. తన కారులో తాయెత్తు కూడా లోపలే వేలాడుతుంది గానీ బానెట్ మీద కాదు కదా.

హాలులో అప్పటికింకా ఎవరూ లేరు. పెట్టెని బల్ల మీద పెట్టి రెండు మరలూ విప్పి రేకు పక్కకి జరిపాడు. సరిగ్గా మధ్యలో, పెద్ద ఫ్యానుకి ఎదురుగా, పొట్లానికి కొలిచి కుట్టినట్టు ఒక సందు కనబడింది. ఒత్తి దూర్చాడు. ఇక పడదు, దుమ్ము పట్టదు. పైగా ఫ్యాను గాలి తగులుతుంది కాబట్టి గుల్లలు మెత్తబడవు. ఇంత చక్కటి ఆలోచన ఆ కాదుగాడికి ఎందుకు రాలేదో అనుకుని, మరలు బిగించి, బావ్‌జూ గారి కోసం వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే ఇటు ఫాన్ టీచరు వచ్చింది. కొత్త పెట్టెని ముందూ వెనకా చూసింది. నెత్తిన చూసింది. పొట్లం లేదు. ఆవిడకి ఇంగ్లీషు కూడా రాలేదు. వీధి చివర కొట్టుకి పరిగెత్తి పచ్చది ఒకటి కొని తెచ్చి, జల్లెడ చిల్లుల మీద నిలబెట్టింది.

ఒంటిగంటా ఇరవైకి కూ బావ్‌జూ గారితో తిరిగొచ్చి పెట్టె మీద పొట్లం చూశాడు. లోపల ఒకటి, పైన ఒకటి. మంచిదే, అనుకున్నాడు. ముందు టైరొకటి, డిక్కీలో టైరొకటి.

బావ్‌జూ గారు మీట నొక్కారు. ఏడు సెకన్లు. జట్టంతా చప్పట్లు కొట్టింది. తాంగ్ పెద్దాయన కూడా కొట్టాడు, కాస్త మెల్లిగా.

రెండు నిమిషాలకి తెర నల్లబడింది.

"పొట్లం గడువు చూడండి," అంది ఫాన్ టీచరు మొట్టమొదట. చూశారు. ఉంది. మళ్ళీ నొక్కారు. ఏడు సెకన్లు, రెండు నిమిషాలు, నలుపు.

"ఒక్కటి చాలలేదేమో," అన్నాడు జట్టులో ఒకాయన. "కొత్త పెట్టె కదా, పొగరెక్కువుంటుంది." ఇంటి దగ్గరే కాబట్టి వెళ్ళి రెండు తెచ్చాడు. పైన పెట్టారు. ఈసారి నిమిషంన్నరకే ఆగింది. ఇంకొకావిడ తన పెట్టె మీది పొట్లం తీసి అప్పిచ్చింది. ఫాన్ టీచరు మళ్ళీ మళ్ళీ కొట్టుకి పరిగెత్తింది. పొట్లాలు పెరుగుతున్నకొద్దీ పెట్టె తొందరగా ఆగుతోంది. ఆగుతున్నకొద్దీ పొట్లాలు పెరుగుతున్నాయి. ఒంటిగంటా నలభైకి పెట్టె కనబడటం మానేసింది, పచ్చటి గుట్ట ఒకటి బల్ల మీద ఉంది.

అప్పుడు తాంగ్ పెద్దాయన తన వంతుగా వెళ్ళి ఒక పొట్లం తెచ్చాడు. పసుపుది.

ఇద్దరు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు.

"తాంగ్ గారూ," అంది ఫాన్ టీచరు. "మీ ఉద్దేశం ఏమిటో కాస్త చెబుతారా?"

"ఉద్దేశమేముంది. పచ్చవి అయిపోయాయన్నాడు కొట్టువాడు. మీరేగా కొనేశారు."

"లేనప్పుడు ఊరికే రావాలి గానీ, మిషను గదిలోకి పసుపుది తెస్తారా ఎవరైనా?"

"తినడానికి తెచ్చుకున్నానులే," అని తాంగ్ పెద్దాయన పొట్లం వీపు వెనక పెట్టుకున్నాడు. ఆయన మర్యాద ఆయన నిలబెట్టుకోవాలి కాబట్టి బయట వరండాలో నిలబడి తిన్నాడు కూడా.

ఫాన్ టీచరు ఔకి ఫోను చేసింది. కంప్యూటర్లవాడు కదా అని ఇంగ్లీషులోనే మొదలెట్టింది. ఔ మొదటి ప్రశ్న, "పొట్లం పచ్చదేనా?"

"తొమ్మిది ఉన్నాయి. అన్నీ పచ్చవే."

"గడువు?"

"అన్నిటికీ ఉంది."

"కాదే. మొన్న నా దగ్గర బాగానే ఉంది." ఔ ఆలోచించి, టీచరుగారి ఇంగ్లీషుకి మర్యాదగా తనూ ఒక ఇంగ్లీషు ముక్క కలిపి అడిగాడు. "ఫ్యాన్ తిరుగుతోందా?"

"ఎందుకు తిరగడం లేదు," అంది ఫాన్ టీచరు కోపంగా. "అరగంట నుంచి కొట్టుకీ హాలుకీ తిరుగుతూనే ఉన్నాను. కాళ్ళు లాగేస్తున్నాయి."

"అయితే మరి నాకు తెలీదు టీచరుగారూ. నేను బయల్దేరి వస్తాను, అరగంట పడుతుంది."

గోడ గడియారం ఒంటిగంటా యాభై రెండు చూపిస్తోంది. గోడ మీది పెద్ద తెరలో నది అవతలి హాలు కనబడుతోంది. అక్కడి ఐదుగురూ కుర్చీల్లో సర్దుకుని, చేతులు ఊపుతూ, సిద్ధంగా ఉన్నారు. రెండు వార్డులకీ మధ్య మైకు తెరిచే ఉంది.

ఫాన్ టీచరు బావ్‌జూ గారి దగ్గరికొచ్చి, ఇంగ్లీషు వదిలేసి చెప్పింది. "అక్కా, మాట మాటే కదా."

తాంగ్ పెద్దాయన జేబులోంచి మౌసు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలెట్టాడు.

బావ్‌జూ గారు ఏమీ అనలేదు. కూని భయపెట్టింది అదే. నలభై ఏళ్ళు నోటితో బతికిన మనిషి, తొమ్మిదేళ్ళలో ఒక్క ఎర్రలైటు దగ్గరైనా నోరు మూయని మనిషి, ఇప్పుడు కీబోర్డు తీగ నెమ్మదిగా చుట్టుకుంటున్నారు. సోమవారం నుంచి ఒంటిగంటన్నరకి తను ఎటు వెళ్ళాలి అని ఆలోచించాడు కూ. ఎటూ తోచలేదు. ఆవిడ చేతిలోంచి తీగ తీసుకుందామని బల్ల మీదికి వంగాడు.

వాసన కొట్టింది. కమ్మటి వాసన. కొబ్బరీ వెన్నా కలిపి మూకుట్లో వెచ్చబెట్టినట్టు.

మూడేళ్ళ కిందట హైవే మీద తన టాక్సీ పొగలు కక్కింది. చూస్తే ఎన్నికల కరపత్రం ఒకటి ఎగిరొచ్చి రేడియేటరు మొహానికి అతుక్కుని ఉంది. అందులో అభ్యర్థి నవ్వుతున్నాడు, ఇంజను ఉడుకుతోంది. గాలి ఆడనిదే ఏదీ ఆడదు. ఈ మాట తనకి తెలుసు. మొన్న ఔ కూడా చెప్పాడు. తనే కదా పక్కన నిలబడి విన్నది.

కూ వెన్నులో చలి, పెట్టెలో వేడి.

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. ఔ వచ్చి విప్పేదాకా అయితే తెలీదు, ఆ తర్వాత కుర్చీ ఎలాగూ ఉండదు. చెబితే, పొట్లాన్ని తప్పుపట్టిన మొదటి మనిషిగా ఈ హాలులో తన పేరు నిలిచిపోతుంది.

"టీచరుగారూ," అన్నాడు. "పదోది కూడా ఉంది."

"పదోదేమిటి?"

"పొట్లం."

"ఎక్కడ?"

"లోపల. ఫ్యానుకి ఎదురుగా. నేనే పెట్టాను. పైన పెడితే పడిపోతోందని."

ఎవరికీ వెంటనే తలకెక్కలేదు. లోపల కూడా ఉంటే ఇంకా మంచిదేగా అన్నారెవరో.

"కాదండీ. అదే అడ్డం. ఫ్యాను తిరగడం లేదు. పైన చిల్లులు మీరు మూశారు. పొట్లాలవల్లే అది ఉడికిపోతోంది."

"పొట్లంవల్ల మిషను ఆగడం నా జన్మలో వినలేదు," అంది ఫాన్ టీచరు. మిగతావాళ్ళు తలలూపారు. ఆట ముందర పొట్లం తీసెయ్యడమా. ఇప్పటికే మొండికేసినదాన్ని ఇంకా రెచ్చగొట్టడమా. ఒకావిడ గుట్ట మీద చేతులు అడ్డం పెట్టింది.

బావ్‌జూ గారు కీబోర్డు తీగ విప్పారు. "తియ్యమని ఎవరన్నారు," అన్నారు. గొంతు తిరిగొచ్చింది. "జరుపుతాడు. పొట్లాలు బల్ల మీదే ఉంటాయి, పెట్టె చుట్టూ. దగ్గరే. అభ్యంతరం ఉన్నవాళ్ళెవరు, ఒకసారి. అభ్యంతరం ఉన్నవాళ్ళెవరు, రెండోసారి. మూడోసారి. అయిపోయింది, కూ, విప్పు."

వేలం అంత వేగంగా ముగిస్తే అడ్డుచెప్పడానికి ఎవరికి నోరొస్తుంది. గుట్ట పక్కకి జరిగింది. మరలు తిరిగాయి. లోపలి పొట్లం బయటికి తీస్తే వేడికి పొంగి బుగ్గలు పూరించుకుని ఉంది, పగలలేదు. కూ దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని మిగతావాటి పక్కన కూర్చోబెట్టాడు. పెట్టె చల్లారేదాకా తాంగ్ పెద్దాయనే చేతి విసనకర్రతో విసిరాడు. ఒక చేత్తో విసురుతూ రెండో చేత్తో మౌసు జేబులో పెట్టేసుకున్నాడు.

ఒంటిగంటా యాభై తొమ్మిదికి మీట నొక్కారు. ఏడు సెకన్లు. రెండు గంటలకి కోట గుమ్మంలో బావ్‌జూ గారు నిలబడి ఉన్నారు. రెండు గంటలా రెండు నిమిషాలకి కూడా ఉన్నారు. రెండూ పదికి గుమ్మం ముందు శత్రువులు ముగ్గురు పడి ఉన్నారు, వాళ్ళు ఏ వరసలో వచ్చారో ఆవిడ చూడకుండా చెబుతున్నారు.

"కుర్చీ మీదేలే అక్కా," అంది ఫాన్ టీచరు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "కానీ నాకు ఒకటి అర్థం కావాలి. బుద్ధిగా ఉండమనే పొట్లం కదా, మరి అది పెట్టెకి బుద్ధి ఎందుకు చెప్పలేదు?"

"చెప్పింది కదా టీచరుగారూ," అన్నాడు కూ. "బుద్ధిగా ఉండు అంది. అది కదలకుండా కూర్చుంది."

తాంగ్ పెద్దాయనకి కుడి చెవి సరిగ్గా వినబడదు. "ఏం కూర్చుంది? నాకు మొదటినుంచి చెప్పు."

కూ మొదటినుంచి చెప్పాడు. పెద్దాయన చెవి కోసం గట్టిగా చెప్పాడు. పొట్లం మూడుసార్లు జారడం, మరలు విప్పడం, కొలిచి కుట్టినట్టున్న సందు, గుల్లలు మెత్తబడకూడదన్న తన ముందుచూపు, పైన తొమ్మిది పెట్టడం, కరపత్రం మీద నవ్విన అభ్యర్థి, ఏదీ వదల్లేదు. చెబుతున్నకొద్దీ హాలులో నవ్వు పెరిగింది. ఇంకో నవ్వు కూడా గోడవైపునుంచి వచ్చింది. అందరూ తలలెత్తి చూశారు. మైకు తెరిచే ఉంది. నది అవతలి వాళ్ళు ఆట వదిలేసి పొట్టలు పట్టుకుని ఉన్నారు. ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు.

ఐదుగురిలో నలుగురే నవ్వుతున్నారు. ఐదో ఆవిడ నవ్వడం లేదు.

"ఒక్క మాట," అంది ఆ ఐదో ఆవిడ తెర దగ్గరికొచ్చి. "లోపల పెట్టకూడదా?"

అవతల నవ్వు ఆగింది. ఇవతల కూడా ఆగింది.

"మా అల్లుడు పోయిన వారం లోపలే పెట్టాడు. కొత్త పెట్టె, వేడిగా ఉంటోంది, కొత్త కదా అని..." ఆవిడ మాట పూర్తికాకముందే తెర మీద ఆవిడ సైనికుడు కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే బొమ్మలా నిలబడిపోయాడు.

"కూ," అన్నారు బావ్‌జూ గారు గుమ్మం వదిలి శత్రువు కోటవైపు మెల్లిగా నడుస్తూ. "పాపం ఆవిడకి తెలిసేలా చెప్పవయ్యా. వివరంగా. తొందరేం లేదు."

కూ మైకు దగ్గరికి వెళ్ళి, గొంతు సవరించుకుని, రెండు వార్డులవాళ్ళూ వింటుండగా చెప్పాడు.

"కంగారుపడకండి అమ్మా. పెట్టె పక్కన రెండు మరలుంటాయి, అవి విప్పండి. పొట్లం మాత్రం విప్పకండి."